అక్కయ్య చేతికి లొంగే యంత్రం

రేపల్లెలో ఉంటున్న మా అక్కయ్య ఇంటి డీవీడీ ప్లేయరు పోయిన నెలలో డిస్కును లోపలికి తీసుకోవడం మానేసింది. వస్తువు పాడవడం వింత కాదు గాని, కూతురి పెళ్ళినాడు మా బావగారు హార్మోనియం ముందు కూర్చుని కీర్తన పాడిన డిస్కు అందులోనే ఆడేది. ఆయన పోయాక ప్రతి ఆదివారం సాయంత్రం అక్కయ్య ఆ పాట చూస్తూ వచ్చింది. మోకాళ్ళు పట్టేసి గుడికి వెళ్ళలేని వారాలలో ఆరాధనను ఇంటర్నెట్టు ద్వారా టీవీలో చూడాలని కూడా ఆమె కోరిక. మా మేనకోడలు అన్నీ ఫోనులోకి ఎక్కించి ఇస్తానంది. అరచేతిలో ఇమిడే తెరమీద బావగారి ముఖం డెబ్బై దాటిన కళ్ళకు ఆనదని నేనే అడ్డు చెప్పి, తెనాలిలో ఉన్నవాణ్ణి కనుక, ఆమె ఎవరి సాయమూ లేకుండా నడుపుకోగల సాదా పరికరాన్ని వెతికి తెచ్చే పని నామీద వేసుకున్నాను.

సైన్సు చదివినవాడు దుకాణానికి వెళితే యజమానికి ఎంత ఇబ్బందో మన వయసువారికి వేరే చెప్పనక్కరలేదు. అన్నీ వస్తాయండి అని అతనంటే, అన్నీ అంటే ఏవేవని అడిగాను. గీతలు పడినా ఆడుతుందండి అంటే, సంచిలోంచి మా ఇంట్లోకెల్లా చెడ్డ డిస్కును తీసి ఇచ్చాను. "పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలడగరు మాస్టారూ," అని అతను నవ్వాడు. డిస్కులకు ప్లేయరు ఒకటి, ఇంటర్నెట్టుకు టీవీ వెనుక గుచ్చే చిన్న స్టిక్కు ఒకటి, రెండింటినీ మూడేసి సార్లు పరీక్షించి, తృప్తిగా రేపల్లె రైలెక్కాను.

నా పరీక్ష ఎంత అసంపూర్ణమో అక్కడ తేలింది. ఆరాధన నుంచి డిస్కుకు రావాలంటే ముందు టీవీ రిమోటు పట్టుకుని, వరుసగా కనిపించే ఇంగ్లీషు పేర్లలో ఒకదాన్ని ఎంచి, తరువాత మరొక రిమోటు అందుకోవాలి. అక్కయ్య రెండుసార్లు ప్రయత్నించి, రిమోట్లన్నీ నా ఒళ్ళో పెట్టి, "ఇది నీకు బాగుందిరా తమ్ముడూ. నువ్విక్కడే ఉండిపోతే నాకూ బాగుంటుంది," అంది.

తిరుగు రైలులో నాకు బాపట్ల రోజులు గుర్తుకు వచ్చాయి. అక్కడి విత్తన పరీక్షశాలలో నా తొలి ఉద్యోగం. తడి కాగితం మీద గింజలు పరిచి, మూతవేసి, కొన్నాళ్ళకు మొలకలు లెక్కించి, విత్తనం మంచిదో కాదో రాసి ఇచ్చేవాణ్ణి. నేను మంచిదని రాసిన మినుము మొలవలేదని సంగం జాగర్లమూడి రైతు ఒకాయన వస్తే, నా లెక్క తప్పదని వాదించాను. "మీ కాగితం మీద మొలిస్తే నాకేంటండి, మా చేలో మొలవాలి గాని," అని ఆయన నెమ్మదిగానే అన్నాడు. మా పై అధికారి నన్ను మందలించకుండా ఆయన వెంట పంపించారు. వెళ్ళి చూస్తే నీరు ఇంకని మడిలో గింజలన్నీ మెత్తబడి ఉన్నాయి. నా లెక్క నిజమే. అది ఆయన ప్రశ్నకు మాత్రం జవాబు కాదు.

మర్నాడే దుకాణానికి వెళ్ళి, ఆ ప్లేయరు తిరిగి ఇచ్చేసి, పరీక్ష అక్కయ్య ఇంట్లో, ఆమె టీవీ మీద, ఆమె చేతులతో జరగాలని, అంతవరకు ఇంకో ప్లేయరు కొననని చెప్పాను. వాదించి లాభం లేదని గ్రహించాడు గాబోలు, "సరేలెండి, పెళ్ళిచూపులకు పిల్లని తీసుకుని నేనే వస్తా," అన్నాడు దుకాణదారు. అన్నమాట ప్రకారం మూడు ప్లేయర్లు పట్టుకుని రేపల్లె వచ్చాడు కూడా. మొదటి రిమోటును అక్కయ్య చూడగానే తిప్పి ఇచ్చేసింది. "ఇవి బొత్తాలా నాయనా, ఆవగింజలా?" రెండోది డిస్కును మింగి ఊరుకుంది, తెర మారలేదు. మూడో దానిలో డిస్కు పెట్టగానే టీవీ దానంతటదే అటు మారింది. స్టిక్కు రిమోటు మీద ఇల్లు బొమ్మ నొక్కితే మళ్ళీ ఇంటర్నెట్టుకు వచ్చింది. నేను కుర్చీలోంచి కదలకుండా, నోరు మెదపకుండా, ఆమెచేత ఐదుసార్లు చేయించాను.

ఆరోసారి ఆమె నన్నడగకుండానే పెళ్ళి డిస్కు పెట్టింది. బావగారు గొంతు సవరించుకుని పల్లవి ఎత్తుకున్నారు. దుకాణదారు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక చరణం కాగానే అక్కయ్య తానే బొత్తాం నొక్కి ఆపేసి, "మిగతాది మీరు వెళ్ళాక చూసుకుంటాలేరా," అంది.

మేము గేటు దాటుతుండగా లోపల హార్మోనియం మళ్ళీ మొదలైంది.

మన చిన్నతనంలో రేడియోలో పాట వచ్చే వేళకు ఇరుగుపొరుగంతా ఒకే అరుగు మీద చేరేవారు; ఒకరి కళ్ళు చెమరిస్తే పక్కవారు గమనించి, గమనించనట్టు ముఖం తిప్పుకునేవారు. ఇప్పుడు ఎవరి పాట వారి చేతిలో ఉంది, ఎవరి కంటా పడకుండా వినవచ్చు. ఆ వెసులుబాటు అక్కయ్యకు దక్కాలనే నేనింత తిరిగాను, దక్కినందుకు సంతోషమే. అయినా స్టేషనుకు నడుస్తూంటే, చూడనట్టు ముఖం తిప్పుకోవడానికి కూడా పక్కన ఒక మనిషి అక్కరలేని కాలం వచ్చింది కదా అని కొంచెం దిగులు వేసింది.