బీరమ్మ గొర్రెకు కలే వేరు

2017 వానాకాలం. కొల్లాపూర్ వైపు ఒక పల్లెలో పశువుల దవాఖానకు నేను వెటర్నరీ అసిస్టెంటుని. గొర్రెలు కాసే బీరమ్మ అవ్వ కబురు పెడితే వెళ్లాను. ఆమె గొర్రెకు భుజం మీద కంప గీరిన చోట పురుగులు పట్టాయి. దాన్ని మేము మ్యాగట్ ఊండ్ అంటాం. ఈగ గుడ్ల నుంచి పుట్టిన పురుగులు మాంసం తింటూ లోపలికి దిగుతాయి. ఆ గొర్రెకు పది రోజుల కవల పిల్లలు. తల్లి పోతే అవీ దక్కవు.

ఆ రోజు ఆదివారం. చర్చి ఆరాధనలో బైబిల్ వాక్యం చదివే వంతు నాది. పురుగుల్ని బయటికి రప్పించే టర్పెంటైన్ పోసి, పైకి తేలినవి ఏరి, కట్టు కట్టాను. గొర్రె తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించి బండెక్కాను.

బుధవారం అవ్వే దవాఖానకు వచ్చింది.

"సారూ, నీ ప్రార్థన పైపైన్నే పనిచేసినట్టుంది. లోపట గుల్ల చేస్తున్నయి."

వెళ్లి కట్టు విప్పి వేలు పెడితే చర్మం కింద సొరంగం. గాయం లోతు తడిమి చూడటాన్ని ప్రోబింగ్ అంటారు. మొదటి రోజే చేయాల్సిన పని. గొర్రె లేవడం లేదు. నా సీసాలో టర్పెంటైన్ అడుగంటింది.

"కలే వేరు పెడదాం" అంది అవ్వ.

కలే అంటే వాక్కాయ జాతి ముళ్ల చెట్టు; దాని నల్లటి పండ్లు చిన్నప్పటి నుంచీ తిన్నాను. పచ్చికాయలు పప్పులో వేస్తారు, ముళ్ల కంప మందకు కంచె కడతారు. వేరు సంగతి మాత్రం తెలియదు.

గుట్ట కింద కలే చెట్టుకు అవ్వ పసుపు చల్లి మొక్కింది. నేను దూరంగా నిలబడ్డాను.

"నేను చెట్టుకు మొక్కనవ్వా."

"నిన్నెవరు మొక్కమన్నరు కొడుకా? మొక్కుడు నాది, తవ్వుడు నీది. గడ్డపార పట్టు."

నవ్వుతూనే తవ్వాను.

"గా పక్కకే! రెండు దిక్కులా తీస్తే చెట్టు సస్తది. మల్ల యాడికి పోతవ్ వేరుకు?"

మట్టి కప్పించి గానీ కదలనివ్వలేదు.

ఆమె వేరు దంచి ముద్ద చేసింది. నేను కుళ్లిన చర్మం కోసి, పట్టకారుతో కనబడిన ప్రతి పురుగునూ తీశాను. సొరంగం నిండా ముద్ద కూరాం. సాయంత్రానికి మిగిలినవీ రాలిపడ్డాయి. నాలుగో రోజు గొర్రె లేచి నిలబడితే, పిల్లలు రెండూ పొదుగును కుమ్ముతూ పాలు తాగాయి.

"నాడు గూడ గింత సేపు కూసుంటే అయిపోతుండె గద సారూ?" అంది అవ్వ.

"వాక్యం చదివేది ఉండె, పోయిన."

"మంచిదే. మరి నీ దేవుడు గొర్రె ఎట్లున్నదని అడగలే?"

ఆమె కొంగులోని కలే పండ్లు నాలుగు నా చేతిలో పోసింది.

బాగుచేసేది దేవుడేనని ఇప్పటికీ నమ్ముతాను. కాకపోతే, పుండు అడుగు నా వేలికి తగిలాకే ప్రార్థన మొదలుపెడతాను.