కోడిపేలూ, దిష్టిబొమ్మ బూడిదా

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో పొద్దున్నే లేవగానే మేం ముందు తెలుసుకునేది ఇవాళ ఏమేం బందో అన్న సంగతి. పేపరు రాకముందే ఆ కబురు గల్లీలోకి వచ్చేసేది. బస్సులు బంద్, బడులు బంద్, దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చేరిన కోచింగ్ సెంటరు బంద్. ఆ కోచింగ్ ఏ పరీక్ష కోసమో ఆ పరీక్ష కూడా వాయిదా. గోదావరి జిల్లా నుంచి సర్కారు కొలువు పట్టుకొస్తానని బయల్దేరి, మన్సూరాబాద్‌లో డాబా మీద ఒంటి గది కిరాయికి తీసుకుని, అటు చదువూ సాగక, ఇటు ఇంటికీ పోలేక, పిట్టగోడ మీద మోచేతులాన్చి రోడ్డు చూస్తూ కూర్చున్న ఇరవై మూడేళ్ల పిల్లని ఊహించుకోండి. అది నేనే. (అప్పట్లో నన్ను నేను కలెక్టరు హోదాలో ఊహించుకునేదాన్ని లెండి. అన్నం మాడకుండా వండటం కూడా రాదు.) ఇప్పుడు తల్చుకుంటే ఆ పనీపాటా లేని రోజుల మీద ఎంత బెంగో చెప్పలేను. ఒక్క వారం తిరిగిచ్చేస్తామంటే, పొయ్యి మీద పాలు వదిలేసి పోతాను.

కింద ఇల్లుగలామె ఉండేది. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, భర్తతో కలిసి ఆ ఇల్లు కట్టుకుని, ఆయన పోయాక ఒక్కతే ఉంటోంది. నేను మొదటిరోజు మర్యాదగా 'పెద్దమ్మగారూ' అంటే, "గారు ఎందుకు బిడ్డా, నేనేమన్న తాసిల్దార్నా?" అని తీసిపారేసింది. ఆ క్షణం నుంచి పెద్దమ్మే. ఇంటి వెనక నాలుగడుగుల మట్టి జాగాలో ఆమె కోళ్లు. కోళ్లంటే మామూలువి కావు, వాళ్ల అమ్మ కాపురానికి పంపుతూ గంపలో పెట్టిచ్చిన జాతట. అప్పటినుంచీ పిల్లకు పిల్లగా వస్తున్నాయి. అమ్మా లేదు, ఆ పల్లెలో ఇల్లూ లేదు, కోళ్లే మిగిలాయి. ఆ ఏడాది కుక్కలు పడి అన్నిట్నీ పట్టుకుపోగా ఒక్క నల్లపెట్ట మిగిలింది. దాని కింద అప్పటికే దాచి ఉంచిన పదకొండు గుడ్లు పెట్టి పొదగేసింది పెద్దమ్మ. అవి పిల్లలైతే జాతి నిలుస్తుంది, లేకపోతే అమ్మ ఇచ్చింది ఆమె చేతుల్లోనే అయిపోతుంది. ఆ మాట ఆమె రోజుకు నాలుగుసార్లు అనేది.

సరిగ్గా అప్పుడే నల్లగొండలో ఆమె కూతురికి నొప్పులొచ్చాయి. పెద్దమ్మ సంచీ సర్దుకుంటూ నన్ను కిందికి పిలిచింది. "నాలుగొద్దులల్ల ఒస్త. గా కోడికి నూకలు, నీళ్లు పెట్టు. జర సూస్కో బిడ్డా, నీ కాళ్లు మొక్కుత." పెద్దావిడ ఆ మాట అనేసరికి నాకు చెమటలు పట్టాయి. కోడిని కూరలో తప్ప దగ్గర్నుంచి చూసినదాన్ని కాను. అయినా కలెక్టరు లెవల్లో, "మీరు నిశ్చింతగా వెళ్లిరండి" అన్నాను. మర్నాడు బస్సులు ఆగిపోయాయి. నాలుగు రోజులు కాస్తా రెండు వారాలు దాటాయి.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత వరసగా మూడు రోజులు వాన పట్టింది. వాన వెలిసిన పొద్దున గూట్లోకి తొంగిచూస్తే, నల్లపెట్ట గుడ్ల మీంచి లేచి గోడవారగా నిలబడి రెక్కలు దులుపుకుంటోంది, ఈకల్లో ముక్కు పెట్టి పొడుచుకుంటోంది. నేను మెల్లగా గుడ్ల వైపు తోలితే, కూర్చున్నట్టే కూర్చుని మళ్లీ లేచిపోయింది. దగ్గరికి వెళ్లి చూద్దును కదా, దాని మెడకింద సన్నగా పాకుతున్నాయి. అమ్మబాబోయ్! నా చేతి మీదకూ రెండు ఎక్కాయి. కేకపెట్టి పైకి పరిగెత్తి పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆమె కూతురింట్లో మనవడి ఉయ్యాల ఊపుతూ ఉందట.

"పేన్లు పడ్డయ్ బిడ్డా," అంది నింపాదిగా. తర్వాత గొంతు మారింది. "గుడ్ల మీదికెల్లి లేస్తుందా? గట్లయితే ఆగం అయితది. గుడ్లు సల్లవడితే పిల్లలు లోపట్నే సస్తయ్. ఎంబడే బూడిద సల్లు. రెక్కల కింద, తోక కింద, గూట్ల కూడ. గడ్డి బూడిదైతే మంచిగుంటది."

బూడిద! నీళ్లు కాచుకునే పెద్దమ్మ కట్టెల పొయ్యి పెరట్లోనే ఉంది, కానీ వానకు అందులో బూడిదంతా గుజ్జయిపోయింది. కట్టెలు తడిసి ముద్ద. నా గదిలో గ్యాసు పొయ్యి. గ్యాసుకి బూడిద రాదన్న సంగతి, ఇన్ని జనరల్ నాలెడ్జి పుస్తకాలు మింగినదాన్ని, ఆ రోజే పట్టించుకున్నాను. పశువుల ఆసుపత్రికి వెళ్తే తాళం, అందరూ సమ్మెలో ఉన్నారు. మందుల దుకాణాలు మూత. ముఖానికి రాసుకునే పౌడరు చల్లి చూశాను. కోడి రెండుసార్లు తుమ్మి, పెళ్లికూతురిలా ఘుమఘుమలాడుతూ మళ్లీ గోక్కుంది. చివరికి కరెంట్ అఫైర్స్ నోట్సు మూడు నెలలది కాల్చాను. గుప్పెడు మసి వచ్చింది, గాలి వచ్చి అదీ ఎత్తుకుపోయింది. ఏడుపొక్కటే తక్కువ. అరగంటకోసారి గుడ్ల మీద నా పాత స్వెట్టరు కప్పుతూ, చేత్తో తాకి వెచ్చగా ఉన్నాయా అని చూసుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు వినబడింది ఎల్బీనగర్ చౌరస్తా వైపు నుంచి డప్పుల చప్పుడు. డాబా ఎక్కి పిట్టగోడ మీంచి చూస్తే ఊరేగింపు, ముందర నలుగురు ఎత్తుకుని తెస్తున్న దిష్టిబొమ్మ. ఏ ఆంధ్రా నాయకుడి దిష్టిబొమ్మో నాకు అక్కర్లేదు. పాత లాగూ చొక్కాల్లోంచి బయటికి పొడుచుకొచ్చి కనబడుతోంది మేలైన ఎండు వరిగడ్డి! ప్లాస్టిక్ బకెట్టు, చాట పట్టుకుని ఒకటే పరుగు.

బొమ్మ కాలింది. నినాదాలు అయ్యాయి. జనం పలచబడ్డాక, నేను చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని వెళ్లి చాటతో బూడిద ఎత్తడం మొదలుపెట్టాను. రెండో చాట బకెట్లో పడేసరికి నా చుట్టూ చెప్పుల జతలు చాలా కనిపించాయి.

"ఏందక్కా, గా బూడిద ఏడికి ఎత్కపోతున్నవ్?"

"ఏం లేదండీ," అన్నాను. అనకూడని మాట అదే. ఆ 'అండీ'తో నా జిల్లా, మండలం అన్నీ వాళ్లకు తెలిసిపోయాయి.

"అరే, ఆంధ్రక్క! మస్తు బాధయినట్టుంది, గోదావర్ల కలుపుతదేమో!" అని ఒకడు. "దినాలు కూడ చేస్తవా అక్కా? బోజనాలకు పిలువు!" అని ఇంకొకడు. అందరూ నవ్వుతున్నారు, నేను బకెట్టు ఒళ్లోకి లాక్కున్నాను. మీసాలాయన ఒకాయన, పెద్దతరహా మనిషి, ఖాకీ చొక్కా చూస్తే ఆటో నడిపేవాడిలా ఉన్నాడు, ముందుకొచ్చి, "నిజం చెప్పు బిడ్డా, దేనికి?" అన్నాడు.

"కోడికండీ! పేలు పట్టాయి. గుడ్ల మీంచి లేచిపోతోంది. పెద్దమ్మ నల్లగొండలో ఇరుక్కుపోయింది. వాళ్ల అమ్మ ఇచ్చిన జాతి, ఇది ఒక్కటే మిగిలింది, నాకు అప్పజెప్పి వెళ్లింది..." అంటూ అక్కడే, నడిరోడ్డు మీద, బకెట్టు పట్టుకుని భోరుమన్నాను.

ఒక్కసారిగా అందరూ సర్దుకున్నారు. మీసాలాయన నా ఎదురుగా గొంతుక్కూర్చుని వాకబు మొదలుపెట్టాడు. ఎన్ని గుడ్లు, ఎన్నో దినం, గంపా, గూడా. (పరీక్షలో నన్ను ఎవరూ అంత శ్రద్ధగా అడగలేదు, నేనూ అంత కచ్చితంగా చెప్పలేదు.) "పద్దెనిమిదో దినమా? ఇంకెంత, మూడొద్దులు! జర సల్లారనియ్, ఏడిది సల్లితే కోడి కాళ్లు కాల్తయ్" అని, తనే చాట అందుకుని బూడిద చెరిగి, అందులోంచి తీగలూ గుండీలూ ఏరి పారేశాడు. ఇందాక దినాలన్నవాడు బకెట్టు మోసుకుంటూ గేటుదాకా వచ్చాడు. "రేపు ఇంకోటి కాలుస్తం అక్కా. గడ్డి జర ఎక్కువ పెట్టమంటవా?" అని నిజంగానే అడిగాడు.

మిగతాదంతా నేనూ కోడీ. దాన్ని చున్నీతో చుట్టి, ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, ఒక్కో రెక్కా ఎత్తి బూడిద పట్టించాను. నా మణికట్టు రెండుచోట్ల పొడిచింది, నేను తిట్టాను, అదీ ఏదో తిట్టే ఉంటుంది. గూట్లో పాతగడ్డి తీసేసి, బూడిద చల్లి, వేపాకు పరిచి, గుడ్లు మళ్లీ సర్దాను. నల్లపెట్ట కాసేపు నన్ను అనుమానంగా చూసి, ఈకలు ఉబ్బించుకుని, వెళ్లి కూర్చుంది. మర్నాడు చూశాను, కూర్చునే ఉంది. ఇరవై ఒకటో రోజున గూట్లోంచి సన్నగా కిచకిచలు. పదకొండింట్లో ఏడు. నేను ఏ పరీక్ష ఫలితాలకూ అంతలా ఎగరలేదు.

రెండు రోజులకు పెద్దమ్మ కూరగాయల బండి ఒకటి పట్టుకుని వచ్చింది. చెప్పులు విడవకుండా పెరట్లోకి వెళ్లి, పిల్లల్ని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగేసరికి నేను రెండు చేతులా తల గోక్కుంటున్నాను.

"కోడిని కాపాడినవ్ సరే, నిన్నెవరు కాపాడాలె? ఇటు కూసో!" అని మెట్టు మీద తన కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకుంది. వేపనూనె తలకు పట్టించి, పేలదువ్వెనతో పాయలు తీసి దువ్వింది. దువ్వుతూ చౌరస్తా కథంతా చెప్పించుకుని, దువ్వెన కిందపెట్టి మరీ నవ్వింది. మా అమ్మ నేను పదో తరగతిలో ఉండగా పోయింది. ఆ తర్వాత నా తల మీద ఎవరూ అంతసేపు చెయ్యి పెట్టలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నూనె ఘాటు అన్నాను.

ఆ మరుసటి ఆదివారం దురద లేదు. అయినా కిందికి వెళ్లి, "ఇంకా పెడుతోంది పెద్దమ్మా" అన్నాను. ఆ పై ఆదివారం కూడా అన్నాను. తర్వాత రాష్ట్రం వేరైంది, నాకు మా వైపే కొలువు దొరికింది, పెద్దమ్మా కన్నుమూసింది. కోడిపేను మనిషి తలలో బతకదని ఈమధ్యే ఎక్కడో చదివి, ఆఫీసులో కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పుట్టినకాడి నుంచీ కోళ్ల మధ్య బతికిన మనిషిని మోసం చేశాననుకుంది, ఇరవై మూడేళ్ల ఆ కలెక్టరు! అప్పట్లో నాలుగో ఆదివారం నాకే సిగ్గేసి, "ఇంకా ఉన్నాయంటావా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఉన్నయ్ బిడ్డా," అంది దువ్వెన ఆపకుండా. "ఇంకో రెండు నెలలన్న ఉంటయ్."