అవ్వ కొప్పులో మాత్రలు

పోయిన వారం మోకాళ్ళ నొప్పులకని చూపించుకుంటే, డాక్టరమ్మ మిగతా మందులతో పాటు ఒక నిద్రమాత్ర కూడా రాసింది. తిరుచానూరులో మా వీధి చివర మందుల షాపాయన దాన్ని కవరులో వేస్తూ, "ఇది యేసుకోండమ్మా, ఏ దిగులూ తెలీదు" అన్నాడు. నాకు నవ్వాగలేదు. నర్సుగా నా చివరి ఆరేళ్ళూ ఒక ఆడవాళ్ళ జైల్లో నేను పంచిపెట్టింది ఎక్కువగా ఆ మాత్రలేనని ఆయనకేం తెలుసు!

అక్కడికి బుధవారం బుధవారం డాక్టరు వచ్చేవాడు. మంచివాడే, కానీ తల ఎత్తే తీరిక లేని మనిషి. "నిద్ర పడుతోందా?" అనేవాడు. జైల్లో ఎవరికి పడుతుంది? మాత్ర రాసేవాడు. పంటినొప్పని వచ్చినామె కూడా నిద్రమాత్రతోనే తిరిగి వెళ్ళేది. సాయంత్రం ఐదున్నరకి అందరినీ వరసలో నిలబెట్టి, మాత్ర మింగించి, "నోరు తెరువు, నాలుక ఎత్తు" అని చూసి పంపేదాన్ని. ఏడయ్యేసరికి బ్యారక్ అంతా గుర్రు. ఏడుపుల్లేవు, జుట్లు పట్టుకోవడాల్లేవు. వార్డర్లకు సుఖం. అబద్ధమెందుకు, నాకూ సుఖమే.

అలాంటి చోటికి వచ్చిందొక ఐరాల ఊరి అవ్వ. పొలంగట్టు తగాదాలో మరిదిని ఇత్తడి చెంబుతో కొట్టి రిమాండుకు వచ్చింది. "ఆరు కుట్లే పడినాయంట నర్సమ్మా" అని మొదటి రోజే నాతో విచారంగా చెప్పింది. ఆ కథ రోజూ ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆమెకు తోచదు. వినాల్సినవాళ్ళేమో దీపాలు పెట్టేసరికే పడుకుంటున్నారు. ఆ గోడు చెప్పుకుందామని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. గట్టు దగ్గర మొదలుపెట్టి చెంబు దాకా వచ్చేసరికి, ఆయన తల ఎత్తకుండానే ఆమెకూ మాత్ర రాసేశాడు. "మాట్లాడినదానికి మాత్ర రాసినాడే ఆయప్ప!" అని ఆవరణంతా తిరిగి చెప్పింది.

ఆ తర్వాత బుద్ధిగా మింగుతోందనే అనుకున్నాను. నెల తిరక్కముందే, ఒక పొద్దున అవ్వ తల దువ్వుకుంటూ కొప్పు విప్పితే మాత్రలు జలజలా రాలాయి. నాలుక కింద వెతికే నాకు దవడలో దాచుకోవచ్చని తట్టనే లేదు. "ఎవరైనా ఇవన్నీ ఒక్కసారి మింగితే ప్రాణం పోతుందవ్వా!" అని అరిచాను.

అవ్వ తెల్లబోయింది. "అంత యిసమా? మరి దినామూ నువ్వే గదమ్మా పెడతా ఉండావు?"

ఆమె అంతటితో ఊరుకోకుండా, పక్క చాప మీద పగలే మగతగా పడి ఉన్న అమ్మాయిని చూపించింది. "ఈ బిడ్డ సంగతి నీకు తెల్దా? కార్వేటినగరం నుంచి వాళ్ళక్క పాపను తోడుకోని వొస్తే, ఈయమ్మ కండ్లు తెరిసి సూడలేకపోయినాదంట. పాప జడుసుకోని మళ్ళా రాలేదు."

ఎనిమిది నెలలుగా ఆ అమ్మాయి చేత రోజూ నాలుక ఎత్తించి చూస్తున్నాను. ఆమెకొక కూతురుందని నాకు తెలియదు.

ఆ బుధవారం నేను నోరు విప్పేలోపే అవ్వ డాక్టరు బల్ల ముందు బైఠాయించింది. "నిద్దర ఎందుకు పట్టలేదో అడుగప్పా ముందు" అంది. ఆయన మొదటిసారి పెన్ను కింద పెట్టి, ఒక్కొక్కరినే అడిగాడు. ఒకామెకు దోమలు. ఇంకొకామెకు పక్కామె గురక. ఆ పక్కామెకు లాయరు మొహం చూసి మూడు నెలలు. కార్వేటినగరం అమ్మాయి మాత్రం "పాప" అని ఒక్క మాటే అంది. ఇద్దరికి నిజంగానే మనసు బాగాలేదని తేలింది. వాళ్ళ మందులు ఆపకుండా, తిరుపతిలో మానసిక వైద్యుడికి చూపించే ఏర్పాటు చేశాడు. మిగతావాళ్ళకి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చని, వారం వారం కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చాడు.

మాత్రలు తగ్గేకొద్దీ బ్యారక్ లేచి కూర్చుంది. ఏడ్చారు, పాడారు, దోమతెరల కోసం కొట్లాడారు. వార్డర్లు నా మీద మండిపడ్డారు. అవ్వకు శ్రోతలు దొరికారు. మరిది కుట్లు ఆరు నుంచి పదహారుకు పెరిగాయి.

రెండు నెలలకి, నేను పట్టుబట్టి ఫోన్ చేయిస్తే, ఆ అక్క పాపను మళ్ళీ తీసుకొచ్చింది. ములాఖత్ కిటికీకి ఇవతల నేనూ నిలబడ్డాను. పాప పెద్దమ్మ చీర చాటునుంచి చాలాసేపు తొంగి చూసింది. తర్వాత మెల్లగా, "అమ్మా, నిద్దర లేచినావా?" అంది.

"లేచినా తల్లీ" అంది ఆ అమ్మాయి.

లోపలికొచ్చి ఈ సంగతి చెబితే, అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె నోరు మూతపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

అవ్వకు బెయిలొచ్చింది. ఆ అమ్మాయి మీద కేసు కొట్టేశారు. నేను రిటైరయ్యాను. ఆ పాపకి ఇప్పుడు పదేళ్ళుంటాయి. ఆ తల్లీబిడ్డలు ఆ మగత రోజులను ఎప్పుడో మరిచిపోయి ఉంటారు గానీ, ఇన్నేళ్ళు గడిచినా ఆ ఎనిమిది నెలలు మాత్రం నాకు ఇంకా గడవలేదు.