కూర్మమ్మ చప్పిడి మొక్కు

రెక్కాడితే గానీ డొక్కాడని కొంపలంటారు. కూర్మమ్మ కొంపలో ఆడవలసినవి పిక్కలు. మొగుడు ఎర్రన్న పట్టుకొచ్చిన చేపల్ని అత్త లక్ష్మణమ్మ ఉప్పేసి ఎండబెడుతుంది. వాటిని గంపకెత్తుకుని కూర్మమ్మ ఊళ్ళు తిరిగి అమ్మితేనే ఆ పూట పొయ్యి రాజుకుంటుంది. అలాంటి మనిషికి పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలంలో పిక్కలు పట్టేయడం మొదలైంది. నడుస్తూ ఉండగానే కండ రాయిలా బిగుసుకుపోయేది. దారిలో కూలబడి, కాలు పట్టుకుని ఏడ్చేది.

ఊరందరూ వైద్యులే కదా! ఆముదం వెచ్చచేసి రాయమన్నారు, రాసింది. వావిలాకు మరిగించిన నీళ్ళు పోసుకుంది. జిల్లేడాకు కాచి కట్టుకుంది. అత్త ఇసుక వేయించి మూటకట్టి, తన చేత్తోనే కాపడం పెట్టేది. ఆ ముసలిదాని నోరు పెద్దదే గానీ చెయ్యి మెత్తన. కాపడం పెట్టినంతసేపూ హాయి, గంప ఎత్తగానే మళ్ళీ అదే గోల. ఈలోగా పక్కింటి మరిడమ్మ, "నీ ఊళ్ళు నాను తిరుగుతాన్లే, నువ్వు కూకో" అంది తియ్యగా. వాడుక ఇళ్ళు ఒకసారి చెయ్యి మారితే తిరిగొస్తాయా? ఇంట్లో ముగ్గురు పిల్లలు.

అప్పుడు లక్ష్మణమ్మ గంగమ్మ తల్లికి మొక్కేసింది. కోడలి కాళ్ళు బాగవ్వాలి. తొలకరి పడేదాకా కోడలు నోట ఉప్పు పెట్టదు. పెట్టిందా, సముద్రం మీదున్న తన కొడుకుని తల్లి ఏం చేసుకున్నా సరే!

"ఏటత్తా ఆ మొక్కు? ఆడి పేనం మీద ఎట్టినావేటి?" అంది కూర్మమ్మ.

"పేనమెడితేనే తల్లి ఇంటాది. నోరు కట్టుకో" అంది అత్త.

కట్టుకుంది పాపం. నెత్తి మీద ఉప్పుచేపల గంప, నోట్లో చప్పిడి ముద్ద. ఎండకి చెమట ధారలు కట్టేది. కాళ్ళు బాగుపడటం దేవుడెరుగు, తొడలూ వేళ్ళూ కూడా మెలిపెట్టసాగాయి. "నమ్మకం సాలదే నీకు" అనేది అత్త.

ఒకరోజు రైతు ఇల్లాలు నీలవేణి గుమ్మం ముందు గంప దించబోతూ పడిపోయింది. చేపలన్నీ దుమ్ములో పడ్డాయి. "ఓలమ్మో, సచ్చిపోతన్నాను!" అని గిలగిల్లాడుతుంటే నీలవేణి పరుగెత్తుకొచ్చి, ఉప్పు కలిపిన గంజి ముంత నోటి దగ్గర పెట్టింది.

"ఉప్పేసినారా అమ్మా?"

"ఎయ్యకేటి? ఇంత సెమటోడ్సి సప్పిడి తాగితే మడిసి బతుకుతాదేటి? తాగు."

కూర్మమ్మ పళ్ళు బిగించింది. తాగితే మొగుడు, తాగకపోతే పిల్లలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంతలో రెండో కాలూ మెలిపడింది. అంత నొప్పిలో దేవుడూ గుర్తుండడు, మొగుడూ గుర్తుండడు. ముంత లాక్కుని గటగటా తాగేసింది.

కాసేపటికి పిక్క వదులైంది. లేచి నిలబడింది, నడిచింది. నడవగలిగాక గానీ ఆమెకి మొక్కు గుర్తుకు రాలేదు. గంప అక్కడే వదిలేసి, "ఎంత పని సేసీసినాను తల్లీ!" అని మొత్తుకుంటూ ఒడ్డుకి పరుగెత్తింది.

తెప్పలు ఒక్కొక్కటే వచ్చాయి. ఎర్రన్నది రాలేదు. కూర్మమ్మ ఇసుకలో కూలబడి తల బాదుకుంది. అందరికన్నా ఆఖరున వచ్చాడు మహానుభావుడు, వల భుజానేసుకుని, "ఏటే, గంపేదీ?" అంటూ.

అక్కడే చేపలు ఆరబెడుతూ కోడలి పరుగు చూసిన లక్ష్మణమ్మ దగ్గరికొచ్చి మురిసిపోయింది. "సూసినావా, తల్లి పలికినాది!"

"నాను ఉప్పు గంజి తాగీసినానత్తా." దాచుకోవడం కూర్మమ్మ వల్ల కాలేదు.

ముసలిది కొట్టడానికి చెయ్యెత్తింది. కొట్టలేదు. కొడుకు కేసీ, కోడలి కాళ్ళ కేసీ మార్చి మార్చి చూసింది.

"మొక్కింది నాను. తొలకరి దాకా సప్పిడి నాను తింటాను. నువ్వు ఉప్పు తిని ఊళ్ళు తిరుగు. పిల్లలు బతకాల."

ఎంత బతిమాలినా వినలేదు. రోజంతా ఎండలో చేపలు తిరగేసే మనిషి! ఆ ఏడు వానలు కూడా ఆలస్యం చేశాయి. ఒక పొద్దున ఆ ముసలిది ఆరబెట్టిన చేపల మధ్యే పడి, పిక్క పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. కూర్మమ్మ ఏడుస్తూ ఉప్పు గంజి తెచ్చి, "నీ కాళ్ళట్టుకుంటానత్తా, తాగు" అంది.

లక్ష్మణమ్మ ముంతని తోసేసి, సముద్రం కేసి చూసింది.

"ఆడింకా ఒడ్డుకి రాలేదే" అంది.