అడగని పన్నా

బట్ట వెడల్పును మా నేతవాళ్లు పన్నా అంటారు. ఏ ఇంటి మగ్గం పన్నా ఆ ఇంటికి తెలుసు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు. పోచంపల్లిలో పుట్టి, మగ్గం గుంట పక్కనే హోంవర్కులు రాసుకుని పెరిగాను. మా మగ్గం నలభై ఆరు అంగుళాలు. లోకంలో ఇంకో పన్నా ఉంటుందన్న ఆలోచనే నా బుర్రకు రాలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఒకటి తోడై, నిర్వాకం వెలగబెట్టాను.

సెలవు రోజుల్లో మావాళ్ల కోసం ఒక ప్రోగ్రాం రాశాను. డిజైన్ ఇస్తే, పన్నా పొడుగునా అడ్డంగా నేసే దారం మీద ఎక్కడెక్కడ రబ్బరు పట్టీలు కట్టి రంగులో ముంచాలో కొలతలతో కాగితం అచ్చువేసి ఇస్తుంది. ఒక్కో ఇంటికి ఒక్కో కాపీ తయారుచేసి పంపాలి. ఆ తయారీ మెట్లన్నీ వరసగా చేసిపెట్టేది బిల్డ్ స్క్రిప్టు. మొదట్లో ఇంటింటికీ అవే లైన్లు మళ్లీ మళ్లీ రాసి చచ్చాను. తర్వాత తెలివి తెచ్చుకుని, మొత్తం ఒకే పనిగా రాసి, దానికో పేరు పెట్టి, ఏ ఇంటికి కావాలంటే ఆ ఇంటి పేరుతో పిలిచేలా చేశాను. భాష, కాగితం సైజు, పన్నా చెబితే చాలు. చెప్పడం మరిచిపోతే మాత్రం అక్కడే ఆగిపోయి, పన్నా ఇవ్వలేదని ఎర్ర అక్షరాలతో మొత్తుకునేది. ఎప్పుడూ అదే గోల. ఒకరోజు ఒళ్లు మండి, డిఫాల్టు పెట్టి పారేశాను. చెప్పకపోతే నలభై ఆరు అనుకో, నా ప్రాణం తీయకు! అప్పటినుంచి అది కిక్కురుమనలేదు. ఎంత హాయిగా ఉండిందో.

చౌటుప్పల్ అవతల ఊళ్లో ఉండే మా మేనత్త ఫోన్ చేసింది. "మాకు గూడ జర పంపు బిడ్డా" అంది. ఒక్క లైను రాశాను. అందులో అత్త ఇంటి పేరు, భాష, కాగితం సైజు తప్ప ఇంకేమీ లేదు. కాపీ తయారైంది, పంపాను, గర్వంగా టీ తాగాను.

అత్త ఆ కాగితంలోని కొలతకే ఆసు పోసింది. ఆసు అంటే మేకులు కొట్టిన చట్రం. ఈ చివరి నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ చివరికి దారం చుడుతూ పోవాలి. ఒక్క చీరకు వేలసార్లు చేయి ఆడాలి. అలా ఆడించింది, పట్టీలు కట్టింది, రంగులో ముంచింది. మామ మగ్గం మీద నేయడం మొదలుపెట్టాక తెలిసింది. పువ్వులు ఒకదాని కింద ఒకటి నిలవడం లేదు. పోగుపోగుకూ పక్కకు జరిగిపోతున్నాయి. కాగితం నలభై ఆరు అంగుళాలకు, వాళ్ల మగ్గం నలభై ఎనిమిది.

బస్సెక్కి వెళ్లాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. అత్త కుడి చేతిని ఎడమ చేత్తో పట్టి లేపి, ఒడిలో పెట్టుకుని కూర్చుంది. భుజం పైకి లేవడం లేదట.

"మరి కాయితం చూసినప్పుడు అనుమానం రాలేదా అత్తా?" అన్నాను. సిగ్గు లేకుండా ఆ మాట కూడా అడిగాను.

"వచ్చింది. సదువుకున్న పిల్లవు, ఏదో లెక్క ఏసే ఉంటవనుకున్న." చేతిని ఒడిలో సర్దుకుంది. "తెల్వకపోతే ఒక్క మాట అడగాలె గద బిడ్డా. నీ దానికి నోరు లేదా?"

నోరు ఉండేది. విసుగొచ్చి నేనే నొక్కేశాను. ఆ మాట అత్తకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. రెండోసారి ఆసు పోయడానికి ఆమె లేస్తుంటే, నేను పోస్తానని కూర్చున్నాను. పట్టుమని పది నిమిషాలు కాలేదు, నా చేయి పడిపోయింది. దారం వదులైందని అత్త నన్ను పక్కకు జరిపి, ఆ భుజంతోనే మళ్లీ మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి డిఫాల్టు తీసేశాను. ఇప్పుడు స్క్రిప్టు మళ్లీ మాటిమాటికీ ఆగి ఎర్రగా అరుస్తుంది, నాకు మళ్లీ ఒళ్లు మండుతుంది. అయినా నోరు మూయించడం లేదు. కొత్తవాళ్లెవరైనా కాపీ కావాలంటే ఫోన్ చేసి, మీ మగ్గం పన్నా ఎంత అని అడుగుతాను.

"నేతోళ్ల పిల్లవు, గది గూడ తెల్వదా?" అని నవ్వుతారు.

తెల్వదు, మీరే చెప్పాలె అంటాను.