ఎడమ చెప్పుల గూళ్ళు

సరస్సు మీదికి పడవ తీసుకుని వెళ్ళే ప్రతి మనిషీ తన ఎడమ కాలి చెప్పు రేవు దగ్గరి షెడ్డులో వదిలి వెళ్ళాలి. తిరిగి వచ్చాక వేసుకుని ఇంటికి పోవాలి. ఇది సరస్సు ఆఫీసువాళ్ళ నిబంధన కాదు. షెడ్డు చూసుకునే ఆవిడ సొంతంగా పెట్టింది. అందుకే ఆవిడని అందరూ చెప్పులక్క అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు. ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు, ఆవిడా పలుకుతోంది.

ఉద్యోగంలో చేరినప్పుడు ఆఫీసువాళ్ళు ఆవిడ చేతికి ఒక రిజిస్టరు ఇచ్చారు. వెళ్ళేటప్పుడు ఒక సంతకం, వచ్చాక ఒక సంతకం. నెల తిరక్కుండానే దాని పస ఏమిటో తేలిపోయింది. తడి చేతులు తగిలి సిరా అలుక్కుపోయేది. అదలా ఉంచితే, వచ్చాక మళ్ళీ షెడ్డు దాకా ఎవరు నడుస్తారని సగం మంది పొద్దున్నే రెండు సంతకాలూ పెట్టేసి పోయేవాళ్ళు. పుస్తకంలో చూస్తే అందరూ క్షేమంగా ఇళ్ళు చేరినట్టే ఉండేది. తల ఎత్తి చూస్తే నీళ్ళ మీద ఆరు పడవలు కనిపించేవి.

ఆవిడ మూడు రోజులు ఆలోచించింది. మనిషి గొడుగు మరిచిపోతాడు, సంచీ మరిచిపోతాడు, ఒంటి చెప్పుతో మాత్రం ఇంటికి పోడు. నాలుగో రోజు పాత పెట్టెల చెక్కలు కోసి, పన్నెండు గూళ్ళ అల్మారా ఒకటి చేసి గోడకి బిగించింది. పడవకో గూడు, గూటికో అంకె. గూటి కింద చిన్న పలక. ఎటు వెళుతున్నారో అడిగి దాని మీద సుద్దముక్కతో రాసేది: తుంగ వైపు, నడి లోతు, రాళ్ళ మలుపు. రిజిస్టరు ఇప్పటికీ ఉంది. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడుతుంది.

ఆవిడకి పడవల పని ఎవరూ నేర్పలేదు. అంతకు ముందు పదకొండేళ్ళు సంచులు కుట్టే కార్ఖానాలో మిషను తొక్కింది. కార్ఖానా మూతపడ్డాక, ఒడ్డున కుళ్ళుతున్న పడవ ఒకటి అడిగి తెచ్చుకుని, పెరట్లో వేసుకుని, చెక్క చెక్కా ఊడదీసి, ఏది ఎక్కడ ఎందుకుందో చూసుకుని మళ్ళీ బిగించింది. నీళ్ళలో వేస్తే కారింది. మళ్ళీ ఊడదీసి బిగించింది. మళ్ళీ కారింది. మూడోసారి కారలేదు. ఆ పడవే ఇప్పుడు నాలుగో నంబరు. దాన్ని వాడుకునేది ఆవిడ తమ్ముడు.

తమ్ముడు ఇళ్ళకి రంగులు వేస్తాడు. వారానికి ఒక రోజు చేపలకి వస్తాడు. షెడ్డు బయటి గోడ మీద ఆఫీసువాళ్ళ తొమ్మిది నిబంధనలూ నీలం రంగులో రాసింది అతనే. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. రాస్తున్నంతసేపూ ఒక్కో దాన్నీ వెక్కిరిస్తూనే రాశాడు. కొలబద్ద మీది ఎర్రగీత కంటే పొట్టి చేపని తిరిగి నీళ్ళలో వదలాలి అన్న దగ్గర కుంచె ఆపి, "చేపని కూడా వయసు రుజువు అడుగుతారేంటక్కా," అన్నాడు.

"గుడ్లు పెట్టకముందే పట్టేస్తే వచ్చే ఏడు ఏం పడతావు?" అంది ఆవిడ.

"వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూసుకుందాం."

"ముందు ఆ 'లో'కి దీర్ఘం పెట్టు."

చేపల సంగతి ఎలా ఉన్నా, ఆవిడని తొలిచేసేది లైఫ్ జాకెట్ సంగతి. రేవులో ఆవిడ కళ్ళ ముందు తమ్ముడు బుద్ధిగా తొడుక్కునేవాడు. మలుపు దాటగానే విప్పి కింద పరుచుకుని దాని మీద కూర్చునేవాడు. అతను చెప్పలేదు, ఎవరూ చూసి చెప్పలేదు. సాయంత్రం ఆరబెట్టేటప్పుడు జాకెట్ వీపు భాగం దిండులా అణిగిపోయి ఉండేది. పదకొండేళ్ళు కుట్టుపని చేసిన చేతికి ఆ మాత్రం తెలియదా. అడిగితే నవ్వేవాడు. "చెక్క మీద కూర్చుంటే నడుం పట్టేస్తోందక్కా. నాకు ఈత రాదా ఏంటి."

తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్ళు. అన్నం పెట్టిందీ, బడికి పంపిందీ, జ్వరం వస్తే తడిగుడ్డ వేసిందీ ఈవిడే. ఇప్పుడు అతనికి పెళ్ళయి ఇద్దరు ఆడపిల్లలు. అయినా గాలి లేచిన రోజున నాలుగో గూట్లో చెప్పు ఇంకా ఉంటే ఆవిడ టీ గ్లాసులోనే చల్లారిపోయేది.

ఆ రోజు పొద్దున నాలుగో నంబరు జాకెట్ బకిల్ విరిగిపోయి ఉంది. కొత్తది వచ్చేదాకా పని జరగాలని ఆవిడ రెండు వైపులా గట్టి నవారు పట్టీలు కుట్టింది. తమ్ముడు తొడుక్కోగానే ఆ పట్టీలు వెనక్కి తిప్పి, నడుం మీద తనే ముడి వేసింది.

"ఊపిరాడట్లేదక్కా."

"మాట్లాడుతున్నావుగా. ఆడుతోంది."

"వెనకాల ముడేస్తే నేనెట్లా విప్పుకోను?"

"ఒడ్డుకొచ్చి నన్నడుగు."

"మధ్యలో వీపు దురద పెడితే?"

"చేపని గోకమను."

పక్కన పడవ తాడు విప్పుకుంటున్న డ్రాయింగు మాస్టారు నవ్వాపుకోలేక దగ్గారు. రిటైరై నాలుగేళ్ళయింది ఆయనకి. చేపలకని వస్తారు గానీ ఎక్కువ సేపు కాగితం మీద తుంగ బొమ్మ గీసుకుంటూ కూర్చుంటారు. ఆయనది ఏడో నంబరు. ఇద్దరూ ఎడమ చెప్పులు వాళ్ళ వాళ్ళ గూళ్ళలో పెట్టారు. ఇద్దరివీ ఒకే రకం నల్ల రబ్బరు చెప్పులు. కిందటి నెల చౌరస్తా కొట్లో తగ్గింపు పెడితే సగం ఊరు అవే కొనుక్కుంది. తమ్ముడి చెప్పుకి పట్టీ పోయిన వారమే తెగితే ఆవిడే నైలాను దారంతో కుట్టి ఇచ్చింది. పలకల మీద ఏడు కింద 'తుంగ వైపు' అనీ, నాలుగు కింద 'రాళ్ళ మలుపు' అనీ రాసింది.

మూడు గంటలకి గాలి తిరిగింది. ముందు నీళ్ళ రంగు మారింది, తరవాత రేవులో కట్టిన పడవలు ఒకదానికొకటి కొట్టుకోసాగాయి. వెనకే వాన. ఆవిడ షెడ్డు వదిలి నీళ్ళలోకి మోకాలి లోతు దిగి, వచ్చే పడవ తాడునల్లా అందుకుని గుంజకి కట్టసాగింది. ఒకటి, తొమ్మిది, రెండు, పదకొండు. మనుషులు తడుస్తూ షెడ్డులోకి పరుగెత్తి చెప్పులు వేసుకుని ఇళ్ళకి పోతున్నారు. ఎవరు వెళ్ళారో ఎవరు ఇంకా రాలేదో చూసే తీరిక ఆవిడకి లేదు. దానికోసమేగా గూళ్ళు ఉన్నది.

లోపలికి వచ్చి చూసేసరికి ఒక్క చెప్పే మిగిలి ఉంది. ఏడో గూట్లో.

నాలుగో గూడు ఖాళీ. ఆవిడ గోడకి ఆనుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. వచ్చేశాడు. అతని జాకెట్ కొక్కేనికి లేదు, కానీ దానికేముంది, ముడి విప్పుకోవడం చేతకాక దాంతోనే ఇంటికి పోయి ఉంటాడు. జాకెట్‌తో వీధిలో నడిచిపోతున్న తమ్ముణ్ణి తలచుకుంటే నవ్వు కూడా వచ్చింది. పడవ ఎక్కడ కట్టాడని బయటికి తొంగి చూసింది గానీ, గాలికి కొందరు షెడ్డు వెనకాల పిల్లకాలువలో కడతారు, అది ఇక్కడికి కనిపించదు.

ఇంతలో ఆఫీసు మోటారు పడవ రేవుకి వచ్చింది. నడిపే గార్డు ముసలాయన, ఆవిడ బాబాయ్ అని పిలుస్తుంది. "ఇంకెవరైనా ఉన్నారా అమ్మాయ్?"

"మాస్టారొక్కరే బాబాయ్. తుంగ వైపు."

"పెద్దాయన," అని గొణుక్కుంటూ గార్డు పడవ తిప్పాడు.

షెడ్డు రేకు సందులోంచి నీళ్ళు కారి సరిగ్గా ఏడో గూట్లో పడుతున్నాయి. పాపం మాస్టారు చెప్పు నానిపోతుందని ఆవిడ దాన్ని తీసి పక్కన పెట్టబోయింది. బొటనవేలికి పట్టీ దగ్గర గరుగ్గా తగిలింది. తిప్పి చూసింది. నైలాను దారం, నాలుగు అడ్డకుట్లు, చివర రెండు ముళ్ళు. తన కుట్టు తనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

చెప్పు చేతిలోనే ఉంది. ఆవిడ బయటికి పరుగెత్తి, పొగమంచు రోజుల్లో పడవలని పిలవడానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్కని సుత్తితో వాయించింది. వంద గజాలు పోయిన గార్డు తల తిప్పాడు. పడవ వెనక్కి వచ్చింది.

"తుంగ వైపు కాదు. రాళ్ళ మలుపు. మాస్టారు కాదు బాబాయ్, తమ్ముడు." అంత తొందరలోనూ కొక్కెం మీది జాకెట్ తీసి, తొడుక్కుని, బిగించుకున్నాకే పడవ ఎక్కింది.

అలలకి ఎదురు పోతుంటే మొహాన నీళ్ళు కొడుతున్నాయి. ఆవిడ మనసులో ఉన్నది ఒక్కటే ప్రశ్న. విప్పేశాడా, లేదా. పళ్ళతో కొరికో, తెడ్డుతో లాగో విప్పి మళ్ళీ కింద పరుచుకున్నాడా.

"ఏం కాదు, జాకెట్ ఉందిగా," అన్నాడు గార్డు.

"ఒంటి మీదుంటే ఉన్నట్టు బాబాయ్."

ఆయన ఇంజను వేగం పెంచాడు.

మలుపు రాళ్ళు కనిపిస్తున్నాయనగా గార్డు ఇంజను తగ్గించాడు. వాన చప్పుడు. మళ్ళీ విన్నారు. మూడు ఈలలు, కాసేపు ఆగి మళ్ళీ మూడు. ప్రతి జాకెట్‌కీ ఒక ఈల ఆవిడే కట్టింది, మూడేసి ఊదాలని గోడ మీద ఉంది. ఈల వినిపించిందంటే జాకెట్ ఉన్నట్టే గదా అని ఆవిడ బుర్ర అంటోంది. చేత్తో పట్టుకుని ఊదుతున్నాడేమోనని గుండె అంటోంది.

రాళ్ళకి ఇవతల నాలుగో నంబరు బోర్లా పడి ఉంది. దాని వీపు మీద ఒక చెయ్యి, పక్కన నారింజ రంగు. భుజాలు నీళ్ళ పైకి తేలి ఉన్నాయి.

పడవ ఒరగకుండా ఆవిడ అవతలి అంచు పట్టుకుని బరువు వేసి కూర్చుంది. గార్డు ఒక్కడే అతన్ని పైకి లాగాడు. తమ్ముడి పెదవులు నీలంగా ఉన్నాయి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా మొదటి మాట అతనిదే.

"అక్కా, పొద్దున్నుంచీ ఆ ముడిని తిడుతూనే ఉన్నా."

"తిట్టావా, విప్పావా?"

"విప్పడం చేతనైతే తిట్టడమెందుకు?"

ఆవిడ తన కొంగుతో అతని తల తుడవడం మొదలుపెట్టింది. కొంగే తడిసి ముద్దయి ఉందని ఇద్దరికీ తెలుసు. అతను వద్దనలేదు, ఆవిడ మానలేదు.

"ఎట్లా పడ్డావురా?" అన్నాడు గార్డు.

"గాలం రాళ్ళలో ఇరుక్కుంది బాబాయ్. లాగుదామని లేచి నిలబడ్డాను."

"పడవలో నిలబడరాదు. నాలుగో నిబంధన. రాసింది నువ్వే."

"రాయడమే గానీ చదవలేదు."

గార్డు ముందు నవ్వాడు. తరవాత ఆవిడకి నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి, వానలో ఏది ఏదో ఎవరు చూడొచ్చారు.

"మరి ఈదుకుంటూ ఒడ్డుకి పోలేదేం? నీకు ఈతొచ్చుగా," అంది కాసేపటికి.

"పోదామనుకున్నా. పడవ తిరగబడితే వదలొద్దని కూడా రాశాను కదా, అదొక్కటి గుర్తొచ్చింది. దాన్లో 'వ' బాగా కుదిరిందిలే."

పడవని తాడు కట్టి లాక్కొచ్చారు. దానికి కట్టిన వల సంచీలో రెండు చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి. రేవులో గార్డు తన డ్యూటీ ప్రకారం రెండింటినీ కొలబద్ద మీద పెట్టాడు. రెండూ ఎర్రగీత దాటాయి. ఆవిడ తమ్ముడి వైపు చూసింది.

"ఏంటక్కా అట్లా చూస్తావు? మూడు వదిలేశాను, ఎవరూ లేరు గదా అనుకున్నా గానీ ఉంచుకోవడానికి చెయ్యి రాలేదు. ఆ గీత వేసింది నేనేగా."

ఆవిడ చేపలు తిరిగి సంచీలో వేసింది. అతన్ని షెడ్డులో స్టవ్ దగ్గర కూర్చోబెట్టి, వెనక్కి తిప్పి, ముడిలో లోపలికి దోపిన కొస పట్టుకుని ఒక్కసారి లాగింది. ముడి మొత్తం జారిపోయింది.

"అంతేనా?" అన్నాడు తమ్ముడు.

"అంతే."

"పొద్దున్నుంచీ నా వేళ్ళు అరిగిపోయాయి."

"ఎక్కడ లాగాలో తెలియాలి."

టీ తాగి లేచాక తెలిసింది, అతని కుడి చెప్పు సరస్సులో పోయింది. చేతిలో మిగిలింది ఎడమదొక్కటే. దాన్నే వేసుకుని, ఒక కాలు బురదలో, ఒక కాలు రబ్బరులో వేస్తూ ఇంటికి పోయాడు. ఒంటి చెప్పుతో ఎవరూ ఇంటికి పోరన్న తన లెక్క తమ్ముడే తప్పు చేశాడని ఆవిడ వాకిట్లో నిలబడి చూసింది. మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా చూసింది.

మర్నాడు మాస్టారు వచ్చారు. సంగతి విని మొహం పాలిపోయింది ఆయనకి. పిల్లకాలువలో పడవ కట్టి, జాకెట్ దాన్లోనే వదిలేసి, వానలో షెడ్డుకి వచ్చి, తన గూడు నాలుగో ఏడో గుర్తు రాక రెండు చెప్పులూ దించి చూసుకున్నారట.

"నాది నేను వేసుకున్నానమ్మా. రెండోది చాలా జాగ్రత్తగా గూట్లో పెట్టాను. గూడే తప్పు."

"మీ తప్పేం లేదు మాస్టారూ. ఒకేలాంటి చెప్పులు రెండొస్తాయని నేను ముందే చూసుకోవాల్సింది." అని తమ్ముణ్ణి పిలిపించి, డబ్బా, సన్న కుంచె తెప్పించింది. ఆ వారమంతా వచ్చినవాళ్ళ ఎడమ చెప్పు మడమ మీద తెల్లరంగుతో పడవ నంబరు వేయించింది. మాస్టారు పక్కన కూర్చుని ఏడు అంకె మీద ఒక చిన్న కొంగ బొమ్మ కూడా వేసుకున్నారు, ఇక మరిచిపోకుండా.

తరవాతి సెలవు రోజున తమ్ముడు కొత్త చెప్పులతో వచ్చాడు. ఎడమది నాలుగో గూట్లో పెట్టాడు. కొత్త బకిల్ వచ్చింది, జాకెట్‌కి బిగించే ఉంది. అతను దాన్ని తొడుక్కుని, బకిల్ పెట్టుకుని, ఇంకా ఊడదీయకుండా వేలాడుతున్న నవారు పట్టీలు రెండూ చేత్తో వెనక్కి తోసి, అక్కకి వీపు తిప్పి నిలబడ్డాడు.

"బకిల్ ఉందిగా," అంది ఆవిడ.

"ఉందిలే. నువ్వు కట్టు."