చెవి దూది

మా ఇంట్లో సెంటు సీసా ఉండకూడదన్నది నేను పెట్టిన నియమం. ఒంటిమీద కాసేపు నిలిచి గాలిలో కలిసిపోయే దానికి డబ్బు తగలేయడం నాకు నచ్చదు. మనవరాలు కాలేజీలో చేరిన కొత్తలో ఒక స్ప్రే డబ్బా కొనుక్కొస్తే, దాన్ని దుకాణంలో తిరిగి ఇచ్చి వచ్చేదాకా పళ్ళెంలో అన్నం పెట్టలేదు. అందుకే, మా అమ్మ పోయిన నాలుగో నెలలో, ఒక మధ్యాహ్నం కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి అన్న మాటకు నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"అత్తమ్మా, ఇంట్ల ఏదో అత్తరు వాసన వస్తున్నది. మీకు వస్తలేదా?"

"పైన హాస్టలు పోరగాండ్లు ఏం పూసుకుంటున్నరో."

"పైన ఆడపిల్లల హాస్టలు గదా అత్తమ్మా."

"అయితే ఆడపిల్లలే పూసుకుంటున్నరు. పోయి పాలు చూడు."

కోడలు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది. ఎందుకు నవ్విందో నాకు అప్పుడు తెలియలేదు. మా అశోక్‌నగర్‌లో ప్రతి మేడమీదా ఒక హాస్టలే. ఏ వాసన ఎక్కడినుంచి వస్తుందో ఎవరు చెప్పగలరు?

నేను మాత్రం అసలే చెప్పలేను. నాకు వాసన తెలియదు. ఊరంతా ముక్కుకు గుడ్డలు కట్టుకుని తిరిగిన ఆ ఏడాది వచ్చిన జ్వరంతో పోయింది, మళ్ళీ రాలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే పొయ్యి దగ్గరికి రానివ్వరు. పోపు వేగిందో మాడిందో చెవితో తెలుసుకుంటాను. పాలు విరిగాయో లేదో నాలుకకు ఒక చుక్క తగిలించి చూస్తాను. ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు.

ఆ తర్వాత ఆ మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఒకరోజు మా అబ్బాయి భోజనం చేస్తూ తల ఎత్తి గాలి పీల్చి, నావైపు చూసి, మళ్ళీ పళ్ళెంలోకి చూశాడు. ఒకరోజు పనిమనిషి గది తుడుస్తూ, "మంచిగున్నదమ్మా" అంది. ఏం మంచిగున్నదే అంటే, "ఏం లేదమ్మా" అని గబగబా నీళ్ళు పిండింది.

చివరికి మనవరాలిని పక్కన కూచోబెట్టుకుని అడిగాను. "ఎట్లుంటది ఆ వాసన?"

"నీకు తెల్వదా నానమ్మా?"

"నేను అడిగినదానికి చెప్పు."

కాసేపు కళ్ళు మూసుకుంది. "ఎండిన మట్టిమీద నీళ్ళు చల్లినట్టు. పాత చెక్క బీరువా తెరిచినట్టు. జర పొగ కూడా. ఎవరో తాత గిప్పుడే కుర్చీలకెల్లి లేచి పోయినట్టుంటది."

అది మా నాయన.

మా నాయన దర్జీ. చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు, నారాయణగూడలో మిషను పట్టేంత దుకాణం. షేర్వానీలు కుట్టించుకునేవాళ్ళు ఆయనకు అత్తరు తెచ్చి ఇచ్చేవారు. బియ్యపు గింజంత దూదిని అందులో ముంచి, ఎడమ చెవి మడతలో పెట్టుకుని, కాలరుకు సూది గుచ్చుకుని బయలుదేరేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే ఆ దూదిని అమ్మ తీసుకునేది. పారేసేది కాదు. ట్రంకు పెట్టెలో చీరల మడతల మధ్య పెట్టేది. దానివల్ల అమ్మ దగ్గరా నాయన వాసనే వచ్చేది. చిన్నప్పుడు చీకట్లో ఎవరు పక్కన పడుకున్నారో వాసనతో తేల్చుకోలేకపోయేదాన్ని.

మా మనవరాలు పుట్టేనాటికే ఆయనకు చేతులు వణికి దుకాణం మూసేశాడు. దూది పెట్టుకోవడమూ మానేశాడు. ఆ పిల్లకు ముత్తాత అంటే మందుల వాసన, దగ్గు. అంతే. అటువంటిది, తను పుట్టకముందు ఆగిపోయిన వాసనను కళ్ళు మూసుకుని చెబుతోంది.

పోయిన ఏడాది మా ఇంట్లోనే నాయన పోయాడు. నెల తిరక్కుండా అమ్మా పోయింది. ఆ నెలలో ఒకరోజు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, చెవి దూది జర తెచ్చి నా దిండు కింద పెట్టు" అంది. "ఇప్పుడెక్కడ దొరుకుతదమ్మా? ఆ అత్తరు అమ్మేటోళ్ళు లేరు, ఏం లేరు" అన్నాను. వెతకలేదు. పోయేవాళ్ళకు అత్తరు ఎందుకని లోపల అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు కానీ, అమ్మ నా ముఖంలో చదువుకుందనే అనుకుంటాను. మళ్ళీ అడగలేదు.

మనవరాలు కాలేజీకి పోయాక గది తలుపు వేసుకుని అమ్మ ట్రంకు పెట్టె తెరిచాను. దాని తాళంచెవి నా బొడ్లోనే ఉంటుంది. ఒక చీర తీసి సాయంత్రం ఆ పిల్ల ముక్కు దగ్గర పెట్టాను.

"కలరా ఉండలు నానమ్మా, ఛీ!" అని ముఖం తిప్పుకుంది.

అయితే పెట్టెలోంచి రావడం లేదు. మరి ఎక్కడినుంచి? ఆ రోజునుంచి ఇంట్లో నడవాలంటే కాలు తడబడేది. అమ్మా నాయనా వచ్చి తిరుగుతున్నారు, అందరికీ తెలుస్తున్నారు, అడిగింది తెచ్చివ్వని కూతురికి మాత్రం తెలియకుండా దాటిపోతున్నారు. కుర్చీలో కూర్చోబోయి, ముందు చేత్తో తడిమి కూర్చునేదాన్ని.

ఆ వాసన నిజంగా మా నాయనదేనా కాదా, అది తేలాలి. ఒక శనివారం మధ్యాహ్నం మనవరాలిని వెంటబెట్టుకుని నారాయణగూడకు నడిచాను. ఒక సందులో అత్తర్ల దుకాణం ఉందని పనిమనిషి చెప్పింది. నాలుగు మెట్లు ఎక్కాలి. లోపల గడ్డం నెరిసిన పెద్దాయన గల్లా వెనక కూర్చుని ఉన్నాడు.

"చెవి దూది కావాలె" అన్నాను.

"అమ్మా, గది మెడికల్ షాపుల దొరుకుతది. చౌరస్తా కాడికి పోండ్రి."

మనవరాలు కిసుక్కున నవ్వింది. "ఆ దూది కాదు. చెవిల పెట్టుకునే అత్తరు" అన్నాను.

"ఏ అత్తరైనా చెవిల పెట్టుకోవచ్చు. పేరేంది?"

పేరు నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఆ వాసనలో పెరిగి పేరు తెలియదని అప్పుడే తెలిసింది. మా ఇంట్లో దాన్ని చెవి దూది అనే అనేవాళ్ళం. ఆయన ఒక్కొక్క సీసా మూత తీసి మనవరాలి చేతి వెనక రాశాడు. గులాబీ కాదంది. వట్టివేరు కాదంది. ఐదో సీసాకు ఆ పిల్ల చెయ్యి ముక్కు దగ్గరే ఉంచుకుని నావైపు చూసింది.

"ఇదే."

"గది హీనా" అన్నాడు పెద్దాయన.

ఆ మాట వినగానే అమ్మ గొంతు చెవిలో పలికింది. అప్పుడు నేను మూడో తరగతో నాలుగో తరగతో చదువుతున్నాను. నాయన ఆ పేరు పలికితే అమ్మ చేతిలో చాట విసిరికొట్టింది. "పేరులనే హీనం ఉన్నది. పెళ్ళి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంట్ల ఆ మాట పలుకకు. దూది అను, చాలు." అది గోరింటాకు పేరని నాయన ఎంత చెప్పినా వినలేదు. ఆనాటినుంచి ఆ పేరు మా ఇంట్లో చచ్చిపోయింది. అమ్మ చివరి రోజుల్లో కూడా నోటివెంట రానివ్వలేదు. పేరు తెలిసి ఉంటే నేను వెతికేదాన్నా? ఏమో. వెతికేదాన్ని కాదేమో.

"చిన్న సీసా ఇయ్యి" అన్నాను.

పెద్దాయన చెయ్యి ఆపి నవ్వాడు. "పూసుకొచ్చిందే మల్ల అడుగుతున్నరేందమ్మా? మీరు మెట్లెక్కుతుంటెనే వచ్చింది నాకు. అసలు సరుకు. ఇప్పుడు ఇట్లాంటిది నా కాడ కూడ లేదు."

"నేనేం పూసుకోలే."

ఆయన నా మనవరాలి వైపు చూశాడు. ఆ పిల్ల నవ్వడం మానేసింది.

"నానమ్మా, కోప్పడకు. అది ఇంట్ల కాదు వచ్చేది. నీ కాడనే. నువ్వు గదిలకు వస్తే వస్తది, పోతే పోతది. మాకు వద్దని చెప్పి నువ్వు దాచుకుని పూసుకుంటున్నవని అనుకున్నం. ముసలితనంల సోకులని అమ్మ ఒకటే నవ్వుడు."

"ఏ దిక్కు?" అన్నాను.

"ఎడమ దిక్కు."

చెవి మడతలో వేలు పెట్టి చూసుకున్నాను. ఏమీ లేదు. కమ్మ చల్లగా తగిలింది.

సీసా కొనలేదు. ఉన్నదాన్ని మళ్ళీ కొనడం నాకు అలవాటు లేదు. తిరిగి వచ్చేటప్పుడు చిక్కడపల్లిలో మా పాత సందు మొదట్లో ఆగాను. లోపలికి పోలేదు. స్కూటర్ల పొగ, మిర్చి బజ్జీల బండి, వాటి వాసనలు అన్నీ నాకు లేనివే. ఎడమ పక్కకు ఎవరో ఒదిగి నిలబడ్డట్టు భుజం బరువెక్కింది. అటు తిరిగి చూడలేదు.

ఆనాటినుంచి రోజూ పొద్దున స్నానం చేసి వచ్చి మనవరాలి మంచం పక్కన వంగేదాన్ని. "ఉందా?" అనేదాన్ని. నిద్రలోనే "ఉంది" అనేది. నేను పోయి పొయ్యి వెలిగించేదాన్ని.

ఏడాది నిండితే పోయినవాళ్ళు ఈ లోకం విడిచి దాటిపోతారంటారు. మొన్న అమ్మ సంవత్సరీకం అయింది. పిండాలు పెట్టాము. కాకులు వెంటనే వచ్చి తిన్నాయి. అందరూ హమ్మయ్య అన్నారు. నేను ఎడమ చెవి తడుముకున్నాను.

మర్నాడు పొద్దున స్నానం చేసి, ఎడమ చెవి మీద నీళ్ళు పడకుండా జాగ్రత్తగా తుడుచుకుని, మంచం దగ్గరికి పోయాను. వంగడానికి భయమేసింది. అయినా వంగాను.

"ఉందా?"

ఆ పిల్ల కళ్ళు తెరిచి నన్ను చూసింది. ముందురోజు ఇంటి నిండా పొగ, తలమీద ఎండ. రాత్రినుంచి జలుబు. ముక్కు రెండువైపులా మూసుకుపోయి, నోటితో ఊపిరి తీసుకుంటోంది.

"ఉంది నానమ్మా" అంది ముద్దముద్దగా.

ఎట్ల తెలిసిందే అని అడగలేదు. దుప్పటి గొంతుదాకా కప్పి, మిరియాల కషాయం పెట్టడానికి వంటింట్లోకి వచ్చాను.